ఒట్టు వేసిన సగం

కంప్యూటర్‌లో డిస్కు చెడిపోయిన రోజు బుధవారం. నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా లోపలి గదిలోంచి మా మరదలు పిలిచింది.

"వదినా, ఒకసారి ఇలా రండి. ఇది పళ్లు కొరుకుతోంది."

వెళ్లి వంగి విన్నాను. బల్ల కింద ఉన్న నల్ల పెట్టెలోంచి నిజంగానే నిద్రలో పళ్లు కొరికే మనిషి చప్పుడులాంటిది వస్తోంది. తెర మీద మా తమ్ముడి గుండ్రటి ఫోటో, దాని కింద గిరగిరా తిరిగే చుక్కలు. తిరిగి తిరిగి అవి ఆగిపోయాయి. తెర నల్లబడింది. మరదలు బటన్ నొక్కి మళ్లీ వెలిగించింది. ఈసారి ఫోటో రాలేదు, చుక్కలూ రాలేదు. డిస్కు కనబడటం లేదని తెల్లటి అక్షరాల్లో ఒక వాక్యం మాత్రం వచ్చి నిలబడింది.

"మన ఫోటోలు?" అన్నాను.

"అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం కదా. మీరే పక్కన కూర్చుని ఒక్కోటీ టిక్కు పెట్టించారు, హాజరు పట్టీ పిలిచినట్టు."

నిజమే. నేను టైపు చేసుకున్న ప్రశ్నపత్రాలు బళ్లోనూ ఉన్నాయి. కాబట్టి పోకూడనివేవీ పోలేదు. పోయిందల్లా ఆ గుండ్రటి ఫోటో, దాని కింద తమ్ముడు తనకు తానే పెట్టుకున్న పేరు. హైక్లాస్.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఒక ఉదయం పనికి వెళ్లి మళ్లీ రాలేదు. గుండె ఆగిందన్నారు. ఏడాది కావస్తోంది. ఆ రోజు గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

ఏ వస్తువు కొన్నా "హైక్లాస్ సరుకు అక్కా" అంటూ ఇంట్లోకి తెచ్చేవాడు. కర్టెన్ తెస్తే అది ఏదో దేశపు పట్టు. ఫ్యాను తెస్తే దాని మోటారు విమానాల్లో వాడే రకం. ఆ మాట పట్టుకుని మేమిద్దరం వాడినే హైక్లాస్ అనడం మొదలుపెట్టాం. ఉడుక్కుంటాడనుకున్నాం. ఉడుక్కోకపోగా కంప్యూటర్ మీద ఆ పేరే పెట్టుకున్నాడు.

ఆ కంప్యూటర్ కూడా వాడు కట్టిందే. విడిభాగాలు విడివిడిగా కొని, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఒక ఆదివారమంతా కూర్చుని బిగించాడు. మేం ఆ పూట వంటింట్లో నిలబడి తిన్నాం. సాయంత్రానికి అది వెలిగాక నేను ఒకటే అడిగాను.

"ఇందులో నడిచే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కొన్నదా, కొట్టుకొచ్చిందా?"

నేను బళ్లో సైన్సు చెబుతాను. పరీక్షల్లో కాపీలు పట్టుకునేదాన్ని నేనే. నా ప్రశ్నపత్రాలు దొంగ సరుకు మీద తయారవడం నాకిష్టం లేదు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

"ఒరిజినల్ అక్కా."

"నిజం చెప్పు."

వాడు స్క్రూడ్రైవర్ ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చెయ్యి నా తల మీద పెట్టాడు. "నీ మీద ఒట్టు."

చిన్నప్పుడు కూడా అలాగే పెట్టేవాడు. పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి, "ఒట్టు తీసి గట్టున పెట్టేశా" అని గొణిగి పారిపోయేవాడు. అందుకని ఆ సాయంత్రం నేను వాడి పెదవుల వైపు చూశాను. కదలలేదు. అయినా పూర్తిగా నమ్మానని చెప్పలేను. నమ్మలేదని కూడా చెప్పలేను. ఆ ప్రశ్న అలా పక్కన పడి ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం నేనూ మరదలూ పెట్టెను చెరో పక్కా పట్టుకుని వీధి చివరి దుకాణానికి మోసుకెళ్లాం. జిరాక్స్ షాపు మెట్ల కింద ఉన్న చిన్న గది అది. నడిపే ఆవిడకు నాకంటే చాలా తక్కువ వయసు, అయినా వీధిలో పెద్దా చిన్నా అంతా కంప్యూటరక్క అంటారు. మెడలో దారానికి పెన్‌డ్రైవ్‌లు గుచ్చుకుని తిరుగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ వాటిని తాళపుచెవుల్లా వేళ్లతో తడుముతుంటుంది.

పెట్టె పక్క రేకు ఊడదీసి లోపలికి తొంగి చూసింది.

"అబ్బో! ఎవరు కట్టారిది? తీగలన్నీ జడ అల్లినట్టు అల్లారు!"

"మా తమ్ముడు."

"ఏం చేస్తారు ఆయన?"

"లిఫ్టుల పని," అన్నాను. ఏ కాలంలో చెప్పాలో తెలియక క్రియ వదిలేశాను. మరదలు రేకుకు అంటిన దుమ్ము వేలితో తుడుస్తూ నిలబడింది.

కంప్యూటరక్క డిస్కు బయటికి తీసి, వేరే తీగకు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని పెదవి విరిచింది. "ఇక దీని మీద ఆశ వదులుకోండి టీచర్ గారూ. ఇది లోపల తిరిగే రకం, తిరిగి తిరిగి అరిగింది. ఇప్పుడు తిరగనివి వచ్చాయి. బిస్కెట్టంత ఉంటాయి, నోరెత్తవు. అది వేస్తాను. సిస్టమ్ కూడా నేనే ఎక్కిస్తాను. అదెక్కడిదని మాత్రం అడక్కండి."

"ఎక్కడిది?"

"అడగొద్దంటే అదే అడుగుతారేంటండీ!"

"మా వదిన అంతే," అంది మరదలు. "చెప్పకపోతే మీ చేత గోడకుర్చీ వేయిస్తారు, చూసుకోండి."

"అందరికీ వేసేదే వేస్తానమ్మా. డబ్బు కట్టే పని లేదు. ఎవరూ ఇంటికొచ్చి పట్టుకోరు."

"వద్దు," అన్నాను. "ఇందులో ఉన్నది ఒరిజినలని మా తమ్ముడు చెప్పాడు. దాన్నే కొత్త డిస్కు మీద మళ్లీ వాడుకోవచ్చా?"

కంప్యూటరక్క నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. వినీ వినీ అలవాటైన మాట మరోసారి విన్న నవ్వు. "అందరూ ఒరిజినలనే చెబుతారండీ. కొన్నప్పుడు కార్డు ఇస్తారు, దాని మీద పొడుగాటి సంఖ్య ఉంటుంది. ఉందా?"

లేదు. బిల్లో గ్యారంటీ కాగితమో దొరుకుతుందేమోనని ముందు రోజు సాయంత్రమే వాడి స్క్రూల డబ్బాలన్నీ బోర్లించి చూశాం. అట్టపెట్టెలు దాచుకునే అలవాటు వాడికి లేదు.

"పోనీలెండి, కార్డు లేకపోయినా పరవాలేదు. నిజంగా ఒరిజినలైతే దానంతటదే గుర్తుపడుతుంది."

అక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏది గుర్తుపడుతుంది? గుర్తున్నదంతా డిస్కులోనే కదా ఉండేది? అది పోయింది కదా?"

ఆవిడ పెట్టె లోపల వెడల్పాటి ఆకుపచ్చ పలకను వేలితో తట్టింది. "ఇదీ మదర్‌బోర్డు. డిస్కు ఇల్లనుకోండి, ఇది స్థలం. లైసెన్సు ఇంటి మీద కాదు, స్థలం మీద ఉంటుంది. ఇల్లు కూల్చేసి మళ్లీ కట్టుకున్నా స్థలం మీదే కదా?"

"అంటే లైసెన్సు ఈ పలకలో రాసి ఉంటుందా?"

"మీ పెట్టెలో ఉండదు. కంపెనీ వాళ్ల దగ్గర ఉంటుంది, ఎక్కడో. మొదటిసారి సంఖ్య కొట్టి నెట్‌కి కలిపారు కదా, అప్పుడు ఈ బోర్డు ఆనవాలు వాళ్లు తీసి పెట్టుకుంటారు. ఇప్పుడు నేను కొత్త డిస్కు మీద సిస్టమ్ ఎక్కిస్తాను. సంఖ్య ఏదని అడుగుతుంది. నా దగ్గర లేదని చెప్పి ముందుకెళతాను. అయ్యాక నెట్‌కి కలిపితే, వాళ్లు ఆనవాలు సరిచూసుకుని, 'ఆ, వీళ్లు మనవాళ్లే, లోపలికి రానీ' అంటారు."

"మనవాళ్లు కాకపోతే?"

"తెర మీద కుడివైపు కింది మూల ఒక వాక్యం వచ్చి కూర్చుంటుంది, యాక్టివేట్ చేసుకోండి అని. ఎంత తుడిచినా పోదు."

నేను ఆ ఆకుపచ్చ పలక వైపు చాలాసేపు చూశాను. సన్నటి గీతలు, చిన్న చిన్న డబ్బాలు, ఊరి పటంలాగా ఉంది. వాడిని ఇక అడగలేను. కానీ వాడు నా తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట నిజమో కాదో ఎక్కడో ఒకచోట ఎవరో సరిచూసి ఉంచారు. ఈ పెట్టెను తీసుకెళ్లి తలుపు తడితే చెబుతారు. అలాంటి అవకాశం ఇంతకుముందు ఉందని నాకు తెలియదు. మళ్లీ వస్తుందని కూడా అనుకోను.

"అలాగే చేయండి," అన్నాను. "మీ దగ్గరున్న సరుకు మాత్రం వేయొద్దు. వాక్యం వస్తే రానివ్వండి."

ఇంటికి నడుస్తుంటే మరదలు అంది, "వదినా, ఒకటడగనా? ఒరిజినల్ కాదని తేలిందనుకోండి, ఏం చేస్తారు?"

"ఏం చేయను. తెలుసుకుంటాను."

"మార్కులు తగ్గిస్తారా?"

నేను నడక వేగం పెంచాను.

"నాకైతే తెలుసుకోవాలని లేదు," అంది. "మీ తమ్ముడు నాకు చెప్పినవన్నీ సరిచూసుకుంటూ కూర్చుంటే నా సంసారం ఎప్పుడో మునిగేది. పెళ్లిచూపుల్లో ఏమన్నారో తెలుసా? లిఫ్టుల కంపెనీలో మొత్తం వ్యవహారమంతా తనదేనన్నారు. తీరా చూస్తే తాళ్లకి గ్రీజు పూసే మనిషి."

కోపం వచ్చినప్పుడు ఆమెకు వాడు 'మీ తమ్ముడు'. కోపం లేనప్పుడు 'ఆయన'. ఏ మాట వస్తుందో చూసుకుని మాట్లాడటం నాకు అలవాటే. ఆ సాయంత్రం ఇంకేమీ అడగలేదు.

మర్నాడు నేను స్టాఫ్‌రూమ్‌లో ఉండగా కంప్యూటరక్క ఫోన్ చేసింది. వెనక ఏదో ప్రింటర్ గరగరలాడుతోంది.

"టీచర్ గారూ, ఏ రకం ఎక్కించమంటారు? ఇళ్లల్లో వాడే హోమా, ఆఫీసుల్లో వాడే ప్రోనా? పాత డిస్కులో చూద్దామంటే అది తెరుచుకోవడం లేదు."

నాకు ఆ ఆదివారం సాయంత్రం ఇంకా కళ్లముందే ఉంది. ఒట్టు వేశాక వాడు దుప్పటి మడుస్తూ, "మామూలుది కాదక్కా, పెద్దది, ఆఫీసుల్లో వాడేది. హైక్లాస్!" అన్నాడు.

"పెద్దది," అన్నాను. "ప్రో."

"సరే అయితే."

శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక ఒక్కదాన్నే వెళ్లాను. కంప్యూటరక్క నన్ను చూడగానే తెరను నా వైపు తిప్పింది. నీలం తెర మీద కుడివైపు కింది మూలలో పలచటి బూడిదరంగు అక్షరాలు. ఆవిడ చెప్పిన వాక్యమే.

"నెట్‌కి కలిపారా?"

"కలిపాను. తీసి మళ్లీ కలిపాను. నిన్న సాయంత్రం నుంచి కలిపే ఉంచాను." ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమనుకోకండి టీచర్ గారూ. పాతదాంట్లో ఏదో ఒక కిటుకు చేసి ఆ వాక్యం రాకుండా దాచి ఉంటారు. చాలామంది చేస్తారు. అంత పెద్ద తప్పేం కాదు."

"పేరు అడిగిందా?"

"ఏ పేరు?"

"తెరిచేటప్పుడు కనబడే పేరు."

"ఓ అదా. అందరికీ యూజర్ అని పెట్టేస్తాను. కావాలంటే మీరు మార్చుకోవచ్చు."

పెట్టెను ఒక తోపుడు బండి మీద వేయించుకుని ఇంటికి తెచ్చాను. మరదలు తలుపు తీసి నా ముఖం చూసింది. తెర వెలిగించి ఆ మూల చూసింది. వంటింట్లోకి వెళ్లి, కత్తెరతో చిన్న కాగితం ముక్క కత్తిరించి తెచ్చి, జిగురు రాసి, తెర మీద ఆ వాక్యం కనబడకుండా అంటించింది.

"అయిపోయింది," అంది. "ఇక కనబడదు."

ఆ వారం నేను ప్రశ్నపత్రాలు టైపు చేస్తున్నంతసేపూ ఆ కాగితం ముక్క వైపే కళ్లు పోయేవి. ఒకసారి గోటితో మూల కాస్త పైకి లేపాను. వాక్యం అక్కడే ఉంది. వెనక నుంచి మరదలు, "పుండు గోకకండి వదినా," అంది. మళ్లీ నొక్కేశాను.

బాధ అనే మాట నేను వాడను. వాడి మీద కోపం కూడా కాదు. కానీ తెలుసుకున్న తరవాత మనసు కుదుటపడుతుందనుకున్నాను, పడలేదు. సైన్సులో ఇలాంటప్పుడు ప్రయోగం తప్పిందా, అనుకున్నది తప్పా అని వెనక్కి వెళ్లి చూడమంటాను పిల్లలకి. ఎక్కడికి వెళ్లి చూడాలో నాకు తోచలేదు.

తోచింది కుళాయి దగ్గర. వంటింటి కుళాయి కొన్నాళ్లుగా కారుతోంది. ఒక సాయంత్రం మరదలు దాన్ని విప్పి వాషర్ మారుస్తోంది. నేను కింద గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"ఇదిగో చూడండి," అంది విప్పిన ముక్క చూపిస్తూ. లోపలంతా తెల్లగా, అక్కడక్కడా పొక్కులు లేచి ఉంది. "గట్టి ఇత్తడి అన్నారు మీ తమ్ముడు. తరతరాలు ఉంటుందన్నారు. పైన పూత! షాపువాడు ఇత్తడి కుళాయి, పూత కుళాయి రెండూ చూపించాడు. నేను పక్కనే ఉన్నాను. చక్కగా బేరమాడి పూతది కొన్నారు. బయటికొచ్చి గడప దాటగానే నాతోనే అంటారు, ఇత్తడిది కొన్నానని! నా కళ్లముందే కొని నాకే చెప్పడం!"

"అన్నీ అంతేనా?"

"అన్నీ అంతే. ఒక మెట్టు కిందది కొంటారు, ఒక మెట్టు పైది చెబుతారు. కొనకుండా ఎత్తుకొచ్చింది మాత్రం ఒక్కటీ లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. బస్సులో కండక్టరు రాకపోతే దిగి మరీ టికెట్ కొనుక్కునే మనిషి. చిన్న టికెట్టే కొంటారనుకోండి..."

నేను గిన్నె కింద పెట్టాను.

"మళ్లీ చెప్పు."

"ఏది? బస్సా?"

"ఒక మెట్టు కిందది."

చెప్పింది. నాకు వెంటనే మా ఆరో తరగతి పరీక్ష గుర్తొచ్చింది. పక్కపక్కన కూర్చున్న పిల్లలు చూసి రాయకుండా ఎ సెట్టు, బి సెట్టు అని రెండు ప్రశ్నపత్రాలు ఇస్తాం. బి సెట్టు రాసిన పిల్లను ఎ సెట్టు జవాబులతో దిద్దితే, పాపం ఎంత బాగా రాసినా సున్నా వస్తుంది. తప్పు పిల్లది కాదు.

"నేను ఫోన్‌లో పెద్దదని చెప్పాను," అన్నాను.

"ఏం పెద్దది?"

"సిస్టమ్. ఇళ్లల్లో వాడేది ఒకటి, ఆఫీసుల్లో వాడే పెద్దది ఒకటి ఉంటాయట. ఏది ఎక్కించమంటారని కంప్యూటరక్క అడిగితే పెద్దదన్నాను. వాడు అలాగే చెప్పాడు కదా."

మరదలు స్పానర్ పట్టుకునే నా వైపు తిరిగింది. "మీరు చెప్పారా? నన్నొక్క మాట అడక్కుండా? ఆయన ఏ రోజు పెద్దది కొన్నారు వదినా!" గొంతు పెద్దదైంది. "మీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తే నమ్మలేదు. గొప్పలు చెప్పుకుంటే నమ్మేశారా?"

కుళాయి విప్పిన చోటి నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కాసేపటికి ఇద్దరం ఒకేసారి అది గమనించాం.

తరవాతి రోజు ఇద్దరం కలిసే పెట్టె మోసుకెళ్లాం. కంప్యూటరక్క విసుక్కుంది.

"మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాలండీ. పెద్దదాన్ని చిన్నదిగా మార్చడం కుదరదు. చెరిపేసి వెయ్యాలి."

"చెరిపేయండి," అన్నాను. "కానీ ఇది చెప్పండి. రెండూ ఒకే కంపెనీవి. బోర్డు అదే. మరి ఎందుకు గుర్తుపట్టలేదు?"

"గుర్తుపట్టక కాదు టీచర్ గారూ. మీరు చెప్పినట్టు ఆయన చిన్నదే కొని ఉంటే, వాళ్ల దగ్గర ఈ స్థలానికి చిన్న ఇంటికే అనుమతి ఉంది. మనం మేడ కట్టేశాం. అనుమతి చూపించమన్నారు." మాట చివర్లో ఆవిడకే సందేహం వచ్చినట్టుంది. పెన్‌డ్రైవ్‌లు తడుముకుంది. "నిజానికి నాకు కూడా తట్టాల్సింది. లిఫ్టు పని చేసే ఆయన ఇంట్లోకి ప్రో ఎందుకు కొంటారు? మీరంత గట్టిగా చెప్పేసరికి... టీచర్లు గట్టిగా చెబితే నాకు ఇప్పటికీ ఎదురు అడగడం రాదండీ."

ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. దుకాణంలో ఉన్న ఒకే ఒక్క స్టూలు కంప్యూటరక్క నాకు ఇచ్చింది. మరదలు కాసేపు నిలబడింది. నెట్‌కి కలిపే వేళకి, "నేను పైన జిరాక్స్ షాపులో ఉంటాను," అని మెట్లెక్కింది. అక్కడ ఆమెకు ఏ పనీ లేదని నాకు తెలుసు. తెలుసుకోవాలని లేదన్న మనిషి ఇంత దూరం పెట్టె ఎందుకు మోసుకొచ్చిందో కూడా తెలుసు.

సంఖ్య ఏదని తెర అడిగింది. నా దగ్గర లేదు అన్నచోట కంప్యూటరక్క నొక్కింది. ఏ రకం అని అడిగింది. హోమ్. పేరు అడిగింది. యూజర్. నీలం తెర వచ్చింది. నా కళ్లు కుడివైపు కింది మూలకి పోయాయి. అక్కడ టైము, తేదీ ఉన్నాయి. పైన ఇంకేమీ లేదు.

"ఇప్పుడే నమ్మకండి. ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. లోపలికెళ్లి చూద్దాం," అని ఆవిడ సెట్టింగులు తెరిచి, ఒకదాని కింద ఒకటి నొక్కుకుంటూ పోయి, ఒక పేజీ దగ్గర ఆగింది.

ఒకే ఒక్క వాక్యం. ఈ పరికరానికి ముడిపడి ఉన్న లైసెన్సుతో సిస్టమ్ యాక్టివేట్ అయిందని దాని అర్థం. పక్కన చిన్న టిక్కు. గంట మోగలేదు, మెరుపూ మెరవలేదు. నేను రోజూ పిల్లల పుస్తకాల్లో పెట్టే టిక్కు లాంటిదే.

నేను దాన్ని రెండుసార్లు చదివాను.

"నిజమే చెప్పారండీ మీ తమ్ముడు," అంది కంప్యూటరక్క. "సగం."

నేను ఆ సాయంత్రాన్ని మళ్లీ మొదటి నుంచీ గుర్తు చేసుకున్నాను. జాగ్రత్తగా, ఒక్కో మాటా. కొన్నదా అని నేను అడిగాను. వాడు ఒరిజినల్ అన్నాడు, తల మీద చెయ్యి పెట్టాడు, ఒట్టు అన్నాడు. చెయ్యి తీశాడు. దుప్పటి మడిచాడు. మడుస్తూ పెద్దది అన్నాడు. అప్పుడు వాడి చేతులు రెండూ దుప్పటి మీదే ఉన్నాయి.

మరదలు మెట్ల మీద నుంచి వంగి చూస్తోంది. తలెత్తి చూసి తల ఊపాను. ఆమె దిగి వచ్చి, తెర మీది వాక్యాన్ని వేలితో చూపిస్తూ తనూ చదువుకుంది. చదివి కళ్లు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "ఇంతకీ మార్కులు ఎన్ని వేశారు?" అంది.

"సగం నిజమట."

"సగమేంటి వదినా? ఒట్టు వేసిన ప్రశ్న ఒక్కటే కదా. దానికి పూర్తి మార్కులు వెయ్యండి. రెండోది ఆయన రాయలేదు, ఊరికే మార్జిన్‌లో బొమ్మ వేసుకున్నారు."

వేశాను.

కంప్యూటరక్క రేకు బిగించబోతూ ఆగి, మళ్లీ లోపలికి చూసింది. "టీచర్ గారూ, ఇదిగో, బోర్డు మీద ఈ చిన్న డబ్బాలు చూడండి. పైభాగం ఉబ్బుతోంది. ఇప్పుడే ఏం కాదు. కానీ ఒకనాటికి ఈ బోర్డు కూడా పోతుంది."

"అప్పుడు స్థలం పోయినట్టేనా?"

"ఊరికే వదిలేస్తే అంతే. ఆనవాలు మారిపోతుంది, ఎవరో కొత్తవాళ్లనుకుంటారు. విడిగా కొన్నది కాబట్టి కొత్త బోర్డు మీదికి తీసుకెళ్లే వీలుంది, కాకపోతే ముందే ఒక మనిషి పేరుకి కలుపుకోవాలి. అకౌంటు అంటారు. అప్పుడు స్థలం మారినా, ఆ పేరు చెప్పి ఇది మాదే అని అడగొచ్చు. మీ తమ్ముడు ఎవరి పేరుకీ కలపలేదు."

"ఆయనకి పాస్‌వర్డులు గుర్తుండవు," అంది మరదలు.

"ఎవరి పేరుకి కలపాలి?" అని అడిగాను.

"ఎవరిదైనా పరవాలేదు. బతికి..." ఆవిడ నాలుక కరుచుకుంది. "ఫోన్ ఉన్నవాళ్లది. కోడ్ వస్తుంది కదా, అందుకని."

పెట్టెను ఇంటికి తెచ్చి బల్ల కింద పెట్టాం. మరదలు తెర మీది కాగితం ముక్కను తడిగుడ్డతో నానబెట్టి ఊడదీసింది. జిగురు మరక కొంచెం మిగిలింది. కొత్త డిస్కు చప్పుడు చేయదు. మొదట్లో అలవాటు లేక, వెలిగిందో లేదో అని ఇద్దరం వంగి చూసేవాళ్లం.

పేర్ల దగ్గర మాత్రం మాకు కుదరలేదు.

"మీ పేరుకే కలపండి వదినా. ఒట్టు వేసింది మీ మీద."

"కొన్నవాడికి భార్యవి నువ్వు. నీ పేరే సబబు."

"నాకేం తెలుసు సబబు? దాని ముందు రోజూ కూర్చునేది మీరు."

"తీగలు జడలా అల్లింది నీ జడ చూసే అయ్యుంటుంది."

ఆమె నవ్వింది. తరవాత లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది. మరో రోజు నేను ఆ పేజీ తెరిచి, నా పేరు మొదటి అక్షరం కొట్టి, చెరిపేశాను. వాడి పేరు కొట్టి చూద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ కోడ్ వచ్చే ఫోన్ ఇప్పుడు లేదు.

పెట్టె చక్కగా పనిచేస్తోంది. ఈ కథ దాని మీదే టైపు చేశాను. తెరిచినప్పుడు ఇప్పటికీ యూజర్ అనే వస్తుంది. బోర్డు మీది డబ్బాలు ఇంకొంచెం ఉబ్బాయి. లైసెన్సును ఇంకా ఎవరి పేరుకీ కలపలేదు.